ఇరవై ఒకటో చాప్టర్ ఎక్కడికి పోయింది? 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' నవల, సినిమా కథ

ముందే ఒక మాట. ఈ ఎపిసోడ్‌లో హింస గురించి, అత్యాచారం గురించి మాట్లాడాల్సి వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలు పక్కనుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

నేను బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పుడు మా హాస్టల్ రూమ్‌లో ఒక్కటే లాప్‌టాప్, దాని ముందు ఆరుగురం. ఎవడో పెన్‌డ్రైవ్‌లో ఒక సినిమా తెచ్చాడు. 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్', స్టాన్లీ కుబ్రిక్ తీసింది. "బ్రిటన్‌లో బ్యాన్ చేశార్రా దీన్ని" అన్నాడు. అంతే, ఇంక చూడకుండా ఎవరుంటారు? తెల్ల బట్టలు, నల్ల టోపీ, ఒక్క కంటికి మాత్రమే పొడుగాటి కనురెప్పలు పెట్టుకుని కెమెరాలోకి గుచ్చి చూసే అలెక్స్. సినిమా అయ్యేసరికి నాకు వాడు తెగ నచ్చేశాడు. ఆ ఫొటో ఏడాదిన్నర నా వాల్‌పేపర్. ఇది గొప్పగా చెప్పట్లేదు, ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే అర్థమవుతుంది.

జాబ్‌లో చేరాక ఒక ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అదే పేరుతో ఒక పెంగ్విన్ పుస్తకం దొరికింది. కవర్ మీద కన్ను ఉండాల్సిన చోట పళ్ల చక్రం. ఆంథనీ బర్జెస్ రాసిన నవల. సినిమా తెలుసు కదా అని తాపీగా చదువుతున్నా. సినిమా అయిపోయిన చోటికి వచ్చేశాను. చేతిలో చూస్తే ఇంకా పేజీలు ఉన్నాయి.

ఆ మిగిలిన పేజీలే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు కథ క్లుప్తంగా. అలెక్స్ అనే కుర్రాడు, భవిష్యత్తులోని ఒక ఇంగ్లండ్. రాత్రిళ్లు గ్యాంగేసుకుని కొట్టడం, దోచుకోవడం, ఇళ్లలో దూరి అత్యాచారాలు చేయడం. మనిషికి ప్రాణం మాత్రం బీథోవెన్ సంగీతం. ఒక హత్య కేసులో దొరికిపోయి జైలుకి పోతాడు. శిక్ష తగ్గుతుందని గవర్నమెంట్ కొత్త ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకుంటాడు. దాని పేరు లుడొవికో టెక్నిక్. ఒంట్లోకి మందెక్కించి, కళ్లు మూయడానికి వీల్లేకుండా క్లిప్పులు పెట్టి, రోజుల తరబడి హింస సినిమాలు చూపిస్తారు. అది అయ్యాక ఎవరి మీద చెయ్యెత్తాలన్నా వాడికి కడుపులో తిప్పేస్తుంది. చెడ్డపని చేయలేడు. కానీ చేయకూడదని వాడు నిర్ణయించుకున్నది కాదు, చేతకాదు అంతే. పైపైకి పండులా కనిపించినా లోపల కీ ఇస్తే తిరిగే యంత్రం. నవల పేరు వెనక ఉన్న ఆలోచన ఇదే. కేథలిక్ ఇంట్లో పెరిగిన బర్జెస్‌కి ఇది చిన్న విషయం కాదు. తనంతట తాను ఎంచుకోని మంచి, మంచేనా? జైల్లో ఉండే మతగురువు నవలలో అడిగేది ఇదే.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలీదు. నవలలో అలెక్స్ గ్యాంగ్ ఒక రచయిత ఇంట్లో దూరుతుంది, అతని కళ్లముందే భార్య మీద అత్యాచారం చేస్తుంది. ఆ సమయంలో ఆ రచయిత టైప్ చేస్తున్న పుస్తకం పేరే 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్'. అంటే ఆ ఇంట్లో కూర్చున్నది బర్జెసే. 1944లో, యుద్ధం టైమ్‌లో, బర్జెస్ సైన్యం డ్యూటీ మీద జిబ్రాల్టర్‌లో ఉన్నప్పుడు, లండన్‌లో బ్లాకౌట్ చీకట్లో ఆయన భార్య లిన్ మీద అమెరికన్ సైనికులు దాడి చేశారు. అప్పుడామె గర్భవతి, ఆ బిడ్డ దక్కలేదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ గాయం మీద కూర్చుని నవల రాశాడు. అదీ ఎవరి గొంతుతో? దాడి చేసినవాడి గొంతుతో. నాకు ఇప్పటికీ ఇది నమ్మశక్యం కాదు.

ఇక భాష. అలెక్స్ మాట్లాడేది మామూలు ఇంగ్లిష్ కాదు, నాడ్సాట్ అని బర్జెస్ తయారుచేసిన యాస. 1961లో ఆయన లెనిన్‌గ్రాడ్ వెళ్లొచ్చాడు. రష్యన్ పదాలు తెచ్చి లండన్ కుర్రాళ్ల మాటలో కలిపేశాడు. ద్రూగ్ అంటే ఫ్రెండ్, మొలొకో అంటే పాలు. నాడ్సాట్ అన్న మాట కూడా రష్యన్‌లో పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అంకెల చివర వచ్చే తోక. ఇంగ్లిష్‌లో టీన్ ఉంటుంది కదా, అదే. అంటే ఈ భాష పేరులోనే వయసు ఉంది. పంతొమ్మిది దాటితే ఈ భాష అయిపోతుంది! ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

1962లో లండన్‌లో హైన్‌మాన్ వాళ్లు నవల వేశారు. మూడు భాగాలు, భాగానికి ఏడు చాప్టర్లు, మొత్తం ఇరవై ఒకటి. ఆ అంకె కావాలనే పెట్టుకున్నానని బర్జెస్ అన్నాడు. ఆ రోజుల్లో ఇరవై ఒకటి అంటే మనిషి పెద్దవాడైనట్టు, ఓటు వచ్చే వయసు. అయితే అమెరికాలో నార్టన్ వాళ్లు వేసినప్పుడు ఇరవైతోనే ఆపేశారు. చివరి చాప్టర్ మెత్తగా ఉంది, అమెరికన్ పాఠకుడికి ఇంకా గట్టి ముగింపు కావాలని పబ్లిషర్ పట్టుబట్టాడని, డబ్బు అవసరం కాబట్టి తాను ఒప్పుకున్నానని బర్జెస్ వెర్షన్. నార్టన్ ఎడిటర్ మాత్రం నేను సూచించానంతే, ఆయన ఇష్టపడే ఒప్పుకున్నాడన్నాడు.

ఎవరిది నిజం? ఇక్కడే ఒక ట్విస్ట్ ఉంది. నవల టైప్ ప్రతి ఇప్పుడు కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో ఉంది. అందులో ఇరవయ్యో చాప్టర్ అయిపోయిన చోట బర్జెస్ తన చేత్తోనే ఒక నోట్ రాసుకున్నాడు. ఇక్కడితో ఆపేద్దామా, దీని తర్వాతది ఉంచినా తీసేసినా పర్లేదు అన్న ధోరణిలో. అంటే ముగింపు గురించి రచయితకే డౌటు ఉంది. తర్వాతి రోజుల్లో ఆయన ఎంత కోపంగా మాట్లాడినా, కాగితం మీద ఆ డౌటు అలాగే ఉంది.

ఇంక కుబ్రిక్ సంగతి. ఆయన చేతికి వచ్చింది అమెరికన్ కాపీ. కోడ్ రాసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఎవడో ఒక ఫైల్ డిలీట్ చేసేసిన బ్రాంచ్ మీద మీరు నెలల తరబడి పని చేసి రిలీజ్ చేసేశారనుకోండి, లోకానికి అదే మెయిన్ బ్రాంచ్. స్క్రిప్ట్ దాదాపు అయిపోయాక బ్రిటిష్ ఎడిషన్‌లో ఇంకో చాప్టర్ ఉందని ఆయనకి తెలిసింది. చదివాడు. నమ్మేలా లేదు, మిగతా పుస్తకం తీరుకి సరిపోలేదు అనుకుని వదిలేశాడు. అంటే తెలీక జరిగింది కాదు. చూశాకే వద్దనుకున్నాడు.

1971 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో, 1972 జనవరిలో లండన్‌లో రిలీజ్. నాలుగు ఆస్కార్ నామినేషన్లు, బెస్ట్ పిక్చర్‌తో కలిపి. ఒక్కటీ రాలేదు.

చాలా వీడియోల్లో ఈ సినిమా-నవల తేడా అంటే చివరి చాప్టర్ ఒక్కటే చెప్పి వదిలేస్తారు. నా లెక్కలో అసలు మార్పు అంతకంటే చాలా ముందే మొదలైంది.

మొదటిది వయసు. నవల మొదట్లో అలెక్స్‌కి పదిహేనేళ్లు. మన లెక్కలో టెన్త్ కుర్రాడు. సినిమాలో ఆ పాత్ర వేసిన మాల్కమ్ మెక్‌డవల్‌కి షూటింగ్ అప్పుడు ఇరవై ఏడు. అద్భుతంగా చేశాడు, కాదనను. కానీ పదిహేనేళ్ల పిల్లాడు ఇవన్నీ చేస్తుంటే పుట్టే భయం వేరు, ఇరవై ఏడేళ్ల అందగాడు చేస్తుంటే వచ్చేది వేరు. ఒకటి చూస్తే "వీడికేమైంది, ఇంట్లో ఎవరూ లేరా" అనిపిస్తుంది. ఇంకోటి చూస్తే స్టైల్ కనిపిస్తుంది. మాకు కనిపించింది స్టైలే.

రెండోది, రికార్డుల షాపు సీన్. సినిమాలో అలెక్స్ ఇద్దరు అమ్మాయిల్ని మాట్లాడి ఇంటికి తీసుకొస్తాడు, ఫాస్ట్ ఫార్వర్డ్‌లో కామెడీలాగా అయిపోతుంది, వెనక హుషారైన మ్యూజిక్. హాస్టల్‌లో అందరం విజిల్స్. నవలలో ఆ ఇద్దరూ పదేళ్ల పిల్లలు. వాళ్లకి తాగించి వాడు చేసేది అత్యాచారం, వాళ్లు ఏడుస్తూ, తిడుతూ వెళ్తారు. ఆ పేజీ చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు ఏ డైరెక్టరూ తీయలేడు, తీయకూడదు కూడా. నా ప్రశ్న అది కాదు. తీయలేనిదాన్ని వదిలేయొచ్చు, జోక్‌గా మార్చాలా? అలాగే నవలలో వాడు జైల్లో ఇంకో ఖైదీని కొట్టి చంపడంలో ముందుంటాడు. సినిమాలో అది లేనే లేదు. ఇలా ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ఏం మిగిలింది? నవలలోని అలెక్స్ కంటే చాలా తేలికైన, చాలా సరదా అయిన అలెక్స్.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. నవలలో హింస అంతా నాడ్సాట్ వెనక జరుగుతుంది. సగం మాటలు మీకు అర్థం కావు, ఊహించుకుంటూ వెళ్తారు. పదిహేను పేజీలయ్యాక భాష పట్టుబడుతుంది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, "అరె, ఇందాక నేను నవ్వుతూ దాటేసింది ఒక ముసలాయన్ని చితక్కొట్టడమా" అని తెలుస్తుంది. మీకు తెలియకుండానే వాడి భాష నేర్చుకున్నారు, వాడి పక్కన నిలబడ్డారు. బర్జెస్ పెట్టిన ట్రాప్ అది. కెమెరాకి ఆ తెర లేదు. రక్తం అంటే రక్తమే కనిపిస్తుంది. కుబ్రిక్‌కి ఇది తెలుసు, అందుకే తెర బదులు సంగీతం, కొరియోగ్రఫీ పెట్టాడు. గొడవలు డాన్సుల్లా ఉంటాయి. కానీ భాష తెర తప్పు తెలిశాక సిగ్గుపడేలా చేస్తుంది, సంగీతం తెర చివరిదాకా ఎంజాయ్ చేయిస్తూనే ఉంటుంది.

ఆ రచయిత ఇంటి సీన్ ఉంది కదా. షూటింగ్‌లో రోజుల తరబడి ఆ సీన్ కుదర్లేదట. డాన్స్ చేయగలవా అని కుబ్రిక్ అడిగితే, మెక్‌డవల్ అప్పటికప్పుడు 'సింగింగ్ ఇన్ ద రెయిన్' పాట పాడుతూ, డాన్స్ చేస్తూ తన్నడం మొదలుపెట్టాడు. కుబ్రిక్ వెంటనే ఆ పాట రైట్స్ కొనిపించాడు. ప్రపంచ సినిమాలో ఎవరూ మర్చిపోలేని సీన్ అయింది. కానీ ఒక్కసారి బర్జెస్ సీట్లో కూర్చుని చూడండి. అది ఆయన ఇల్లు. అక్కడున్నది ఆయన భార్య. లిన్ 1968లోనే చనిపోయింది, సినిమా చూడలేదు. ఆయన చూశాడు.

కుబ్రిక్‌కి అన్యాయం చేయకూడదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. సినిమా మొత్తంగా హింసని పొగిడే సినిమా అంటే నేను ఒప్పుకోను. దాని చివరి సీన్‌లో హోమ్ మినిస్టర్ హాస్పిటల్ బెడ్ పక్కన కూర్చుని అలెక్స్‌కి తినిపిస్తాడు. ట్రీట్‌మెంట్ బెడిసికొట్టి పరువు పోయిన గవర్నమెంట్, జీతం ఉన్న ఉద్యోగం ఆశపెట్టి రౌడీని కొనేస్తుంది. ప్రెస్ వాళ్లు ఫొటోలు తీస్తుంటారు. రాజకీయం గురించి ఇంత ఘాటైన సీన్ నేను ఎక్కువ చూళ్లేదు. రౌడీ, మంత్రి ఒకే ఫ్రేమ్‌లో నవ్వుతుంటే మనకేం కొత్తగా అనిపించదనుకోండి, అది వేరే ఎపిసోడ్. కుబ్రిక్ సినిమా చెప్పేది రాజ్యం గురించి. బర్జెస్ నవల చెప్పేది ఒక కుర్రాడి గురించి. రెండూ ఒకే ఇరవై చాప్టర్లలోంచి వచ్చాయి.

రిలీజయ్యాక ఏమైందో చూడండి. సినిమా హక్కులు బర్జెస్ ఎప్పుడో కొన్ని వందల డాలర్లకి అమ్మేసుకున్నాడు. కుబ్రిక్ ప్రెస్ ముందుకి పెద్దగా రాలేదు. అమెరికాలో టీవీల్లో, రేడియోల్లో కూర్చుని సినిమాని డిఫెండ్ చేసింది బర్జెస్, మెక్‌డవల్. న్యూయార్క్ క్రిటిక్స్ అవార్డు కుబ్రిక్ తరఫున అందుకుంది కూడా బర్జెసే. బ్రిటన్‌లో ఎక్కడ కుర్రాళ్లు ఎవర్నైనా కొట్టినా పేపర్లు ఈ సినిమా పేరు రాయడం, విలేకరులు బర్జెస్‌కి ఫోన్ చేయడం. 1973లో పదహారేళ్ల కుర్రాడు ఒక ముసలాయన్ని చంపిన కేసులో లాయర్ కోర్టులోనే ఈ కథ ప్రస్తావన తెచ్చాడు. అదే ఏడాది అమెరికాలో యూటా రాష్ట్రంలో, ఒరెమ్ అనే ఊళ్లో, ఈ నవల అమ్మినందుకు ఒక పుస్తకాల షాపు యజమాని మీద కేసు పెట్టారు. తర్వాత కేసు కొట్టేశారు గానీ ఆ షాపు మూసుకుని వేరే చోటికి పోవాల్సి వచ్చింది. గమనించారా? నవల వచ్చి పదేళ్లు దాటింది. అప్పటిదాకా పెద్దగా పట్టించుకోని పుస్తకం, సినిమా వచ్చాక డేంజరస్ పుస్తకం అయిపోయింది. ఆ తర్వాత స్కూల్ లైబ్రరీల్లోంచి కూడా తీసేయించారు. అమెరికాలో అలా తీసేసిన కాపీల్లో, ఆ కుర్రాడు మారే చాప్టర్ అసలు లేదు.

మా హాస్టల్ వాడు చెప్పిన "బ్యాన్" కూడా అబద్ధమే. బ్రిటన్‌లో సెన్సార్ ఈ సినిమాని పాస్ చేసింది. ఇంటికి బెదిరింపులు రావడంతో 1973-74 ప్రాంతంలో కుబ్రిక్కే వార్నర్ బ్రదర్స్‌కి చెప్పి సినిమాని అక్కడ వెనక్కి తీసుకున్నాడు. లండన్‌లో స్కాలా అనే థియేటర్ పర్మిషన్ లేకుండా వేసి, కేసులో ఓడి, 1993లో మూతపడింది. 1999లో కుబ్రిక్ చనిపోయాక, 2000లో మళ్లీ బ్రిటన్ థియేటర్లలోకి వచ్చింది. అంటే తన సినిమాని బయటికి రాకుండా ఆపుకునే పవర్ డైరెక్టర్‌కి ఉంది. తన నవల అర్థాన్ని వెనక్కి తెచ్చుకునే పవర్ రచయితకి లేదు.

సరే, ఇప్పుడు ఆ మిగిలిన పేజీల్లోకి వద్దాం.

ఇరవై ఒకటో చాప్టర్‌లో అలెక్స్‌కి పద్దెనిమిదేళ్లు. అదే మిల్క్ బార్, కొత్త గ్యాంగ్. కానీ మనసు దేనిమీదా లేదు. కొట్టడం బోర్ కొడుతోంది. జేబులోంచి ఒక కాగితం జారి పడుతుంది, పేపర్లోంచి కత్తిరించుకున్న పసిపాప ఫొటో. గ్యాంగ్ వాళ్లు ఎగతాళి చేస్తారు. బయటికొచ్చి ఒక టీ షాపులో దూరితే పాత గ్యాంగ్‌లోని పీట్ కనిపిస్తాడు. పెళ్లయింది, ఉద్యోగం ఉంది, పక్కన భార్య. పీట్ నాడ్సాట్ మాట్లాడటం మానేశాడు. అలెక్స్ మాటలు విని పీట్ భార్యకి నవ్వొస్తుంది, ఇదేం భాష అని. చూశారా, భాష పేరులో దాచిన వయసు ఇక్కడికొచ్చి తగిలింది. తర్వాత అలెక్స్ ఒంటరిగా నడుస్తూ అనుకుంటాడు, కుర్రతనం అంటే కీ ఇచ్చి వదిలిన రేకు బొమ్మలాంటిది, ఎదురుగా ఏముందో చూసుకోకుండా వెళ్లి గుద్దుకుంటుందని. పెళ్లి చేసుకోవాలి, కొడుకు పుట్టాలి అనుకుంటాడు.

అంటే టైటిల్‌లోని "క్లాక్‌వర్క్"కి ఇక్కడ ఇంకో అర్థం వచ్చింది. యంత్రంగా మార్చింది గవర్నమెంట్ ఒక్కటే కాదు, ఆ వయసే ఒక యంత్రం. సినిమా మాత్రమే చూస్తే ఈ అర్థం మీకు దొరకదు. అసలు టైటిల్ ఎందుకు పెట్టారో కూడా సినిమాలో ఎక్కడా చెప్పరు.

"చూశావా, నవలలో హ్యాపీ ఎండింగ్ ఉంది, కుబ్రిక్ నాశనం చేశాడు" అని చాలామంది అంటారు. నేనూ మొదట అలాగే అనుకుని ఫ్రెండ్స్‌కి లెక్చర్లు దంచాను. రెండోసారి చదివాక ఒకటి గమనించాను. ఆ చాప్టర్‌లో పశ్చాత్తాపం లేదు. చచ్చిపోయిన ముసలావిడ గురించి గానీ, ఆ రచయిత భార్య గురించి గానీ, ఆ పదేళ్ల పిల్లల గురించి గానీ వాడు కుమిలిపోయేదేం లేదు. పైగా, నా కొడుకూ ఇవన్నీ చేస్తాడు, నేను ఆపలేను, వాడి కొడుకునీ వాడు ఆపలేడు, ఇలా లోకం ఉన్నంతకాలం తిరుగుతూనే ఉంటుంది అనుకుంటాడు. వాడు మంచివాడు కాలేదు. పెద్దవాడయ్యాడు. రెండూ ఒకటి కావు.

నాకు ఇది పుస్తకం గురించిన పాయింట్‌లా రాలేదు. ఆ సినిమా చూసిన సెమిస్టర్‌లోనే మా ఫ్లోర్‌కి ఫస్టియర్ వాళ్లు వచ్చారు. ఒకబ్బాయిని రాత్రి కారిడార్‌లో నిలబెట్టి, బకెట్ నీళ్లు నెత్తిన పోస్తూ పాట పాడించాం. ఐడియా ఎక్కడిదో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఐడియా నాదే. వణుకుతూ పాడాడు. మేం నవ్వాం. వారం తర్వాత వాడు ఇంటికి వెళ్లి చాలా రోజులు రాలేదు. సినిమా వల్లే చేశామని నేను అనను, అదొక సాకు. సినిమా లేకపోతే ఇంకోటి చేసేవాళ్లం. థర్డియర్ వచ్చేసరికి ర్యాగింగ్ మానేశాను. నాకు నేను మారానని చెప్పుకున్నాను. నిజానికి ప్లేస్‌మెంట్స్ టెన్షన్, ఇంట్రెస్ట్ పోయింది, అంతే. మొన్నామధ్య ఒక ఫ్రెండ్ పెళ్లిలో అతను కనిపించాడు. "బాగున్నారా అన్నా" అని తనే పలకరించాడు, భార్యని పరిచయం చేశాడు. ప్లేట్లు పట్టుకుని ప్యాకేజీల గురించి, ఫ్లాట్ రేట్ల గురించి మాట్లాడుకున్నాం. ఆ రాత్రి సంగతి నేను ఎత్తలేదు. అచ్చం టీ షాపులో పీట్, అలెక్స్. ఇంటికొచ్చాక ఆ చాప్టర్ మూడోసారి చదివాను.

అందుకే కుబ్రిక్ దాన్ని నమ్మలేకపోయాడంటే నాకు వింతగా ఉంది. నవల మొత్తంలో నేను కళ్లు మూసుకుని నమ్మే చాప్టర్ అదొక్కటే.

1986లో, అంటే దాదాపు పాతికేళ్ల తర్వాత, నార్టన్ వాళ్లే అమెరికాలో ఇరవై ఒకటో చాప్టర్‌తో కలిపి మళ్లీ వేశారు. బర్జెస్ ముందుమాట రాశాడు, చిరాకుగా, వెటకారంగా. మనిషి మారే అవకాశమే లేకపోతే అది నవల కాదు, నీతికథ అవుతుందన్న అర్థంలో. దానికి ముందు ఇంకో పుస్తకంలో ఈ నవల అసలు రాయకుండా ఉండాల్సింది అని కూడా అన్నాడు. హింసని పొగిడినట్టు కనిపించే ఒక సినిమాకి ముడిసరుకుగా మాత్రమే తన పుస్తకం జనానికి గుర్తుండిపోయిందని ఆయన బాధ.

అలాగని కుబ్రిక్ మీద పగ పెట్టుకున్నాడా అంటే అదీ సూటిగా చెప్పలేం. 1974లో వచ్చిన తన 'నెపోలియన్ సింఫనీ' నవల కుబ్రిక్‌కే అంకితమిచ్చాడు. 1987లో 'క్లాక్‌వర్క్ ఆరెంజ్'ని తానే పాటలతో నాటకంగా రాసి అచ్చేశాడు. అందులో అలెక్స్ పెద్దవాడవుతాడు, చివరి చాప్టర్ ఉంటుంది. అంతా అయ్యాక కుబ్రిక్ పోలికలతో గడ్డం ఉన్న ఒకాయన 'సింగింగ్ ఇన్ ద రెయిన్' ట్రంపెట్ మీద వాయిస్తూ స్టేజి మీదికి వస్తాడు. అందరూ కలిసి ఆయన్ని తన్ని తరిమేస్తారు.

మీరు ఈ పుస్తకం కొనాలనుకుంటే ఒక్కటి చూసుకోండి. మన దగ్గర దొరికే పెంగ్విన్ కాపీల్లో ఇరవై ఒకటీ ఉంటాయి. ఎవరైనా పాత అమెరికన్ కాపీ ఇస్తే, మూడో భాగంలో ఏడు చాప్టర్లు ఉన్నాయో ఆరే ఉన్నాయో లెక్కపెట్టండి. ఆరే ఉంటే మీరు చదవబోయేది కుబ్రిక్ చదివిన పుస్తకం.

వచ్చే ఎపిసోడ్‌లో కుబ్రిక్కే తీసిన 'లొలీటా' గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.